చెక్క మీద లేని వెన్నెల

జపాన్ నడిమధ్యన, సముద్రం ఎక్కడా తగలని కొండల సీమ షినానో. ఇప్పుడు దాన్ని నగానో అంటున్నారు. చికుమా నది లోయ మీదికి వాలిన ఒబాసుతే అనే కొండపక్కన చిన్న చిన్న వరిమళ్లు మెట్లు మెట్లుగా దిగుతాయి. లోయకు అవతల క్యోదాయ్ కొండ. చంద్రుడు ఆ కొండ వెనకనుంచి పైకి వస్తాడు. 1853లో ఉతాగవా హిరోషిగే ఈ చోటును చెక్క అచ్చు బొమ్మగా కూర్చాడు. సుమారు 14 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు ఉన్న నిలువు కాగితం అది. దేశంలోని అరవై పైచిలుకు సీమల ప్రసిద్ధ స్థలాలను వరసగా చూపిస్తూ కొషిమురాయా హెయిసుకె అనే ప్రచురణకర్త 1853 నుంచి 1856 దాకా వెలువరించిన 70 కాగితాల శ్రేణిలో ఒకటి. షినానోలో పేరున్న గుళ్లు ఉన్నాయి, మంచు శిఖరాలు ఉన్నాయి. అయినా ఆ సీమ మొత్తానికీ గుర్తుగా హిరోషిగే మళ్లలో పడ్డ చంద్రబింబాన్ని ఎంచుకున్నాడు. బొమ్మలో మడి మడికీ ఒక చంద్రుడు ఉన్నాడు. ఇలాంటి బొమ్మ చూడగానే ఎవరికైనా నోటికి వచ్చే మాట ఒకటుంది: ప్రకృతి మీద జపానువాళ్లకు అనాదిగా ఉన్న ప్రేమ ఇది, అని. ఆ మాటను ఒకసారి పరీక్షకు పెట్టాలని నా ఉద్దేశం. చంద్రుడి మీద కవిత్వం అక్కడ పాతదే. చెక్క అచ్చు బొమ్మల్లో మనల్ని ఆకట్టుకునే ఆ నీలి వెన్నెల మాత్రం పాతది కాదు. అది 1830 ప్రాంతంలో ఎడో నగరపు అచ్చు కొట్టాల్లో, అంటే ఇప్పటి టోక్యోలో, పుట్టింది. ఆ పుట్టుకలో చిత్రకారుడి వాటా ఎంతో, పేరు కూడా మిగలని అచ్చువాడి వాటా అంత.

ముందు ఆ మళ్లనే కాస్త దగ్గరగా చూద్దాం. ఒక మనిషి ఒక చోట కదలకుండా నిలబడితే, నిలకడ నీళ్లలో చంద్రబింబం ఒకే ఒక్క చోట కనిపిస్తుంది. చంద్రుడు అంత దూరాన ఉన్నాడు గనుక, చూపుకు సరైన కోణంలో ఏ మడి పడితే ఆ మడిలోనే బింబం. నాలుగడుగులు వేస్తే అది పక్క మడిలోకి జరుగుతుంది, ఇంకాస్త నడిస్తే ఆ కింది మడిలోకి దిగుతుంది. మడి మడికీ చంద్రుడు అన్నది నడిచేవాడి అనుభవం. నిలబడ్డవాడికి అది దొరకదు. హిరోషిగే బొమ్మ ఆ నడకనంతా ఒక్క చూపులోకి పోగేసింది. వరి పండించే ఊళ్లవాళ్లకు వెంటనే తట్టే చిక్కు ఇంకొకటి ఉంది. మళ్లలో బింబం పడాలంటే నీళ్లు నిలిచి ఉండాలి, పైరు కమ్ముకోకూడదు. అంటే దమ్ము చేసి నాట్లు వేసే రోజులు. ఒబాసుతే ఉన్న సరాషినా ప్రాంతపు చంద్రుడికి పేరు వచ్చిందేమో శరత్తులో, ఎనిమిదో నెల పున్నమికి. కవి బషో 1688లో అక్కడికి ప్రయాణం కట్టింది కూడా ఆ పున్నమి కోసమే. ఆ వేళకు మళ్లు కంకులతో నిండి ఉంటాయి. బింబం పడడానికి చోటుండదు. రెండు ఋతువులు, వంద అడుగుల నడక, అన్నీ కలిసి ఒక కాగితం మీదికి వచ్చాయి. ఈ శ్రేణిలోని చాలా బొమ్మలకు హిరోషిగే, 1800 తర్వాత ఫుచిగామి క్యొక్కో వెలువరించిన కొండలూ నదుల బొమ్మల పుస్తకాన్ని ఆధారం చేసుకున్నాడని పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూపించారు కూడా. ఇది తప్పని నేననను. కళ్లెదుట ఉన్నది ఉన్నట్టు దించిన దృశ్యం కాదని, ఏర్చి కూర్చినదని తెలిస్తే చాలు. దాన్ని ఏ సరుకుతో కూర్చారు, ఎవరు కూర్చారు అని అడగడానికి దారి దొరుకుతుంది.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. 10వ శతాబ్ది ఆరంభంలో కూర్చిన కొకిన్షూ అనే కవితా సంకలనంలోనే సరాషినా, ఒబాసుతే, చంద్రుడు కలిసి కనిపిస్తాయి. అదే శతాబ్దిలో పుట్టిన యమాతో మొనొగతారిలో ఆ కొండ కథ ఉంది: తనను పెంచిన ముసలి అత్తను పెళ్లాం పోరు పడలేక ఒక మనిషి ఈ కొండ మీద వదిలేసి వస్తాడు, కొండ మీదికి వచ్చిన చంద్రుణ్ణి చూస్తూ నిద్ర పట్టక, మళ్లీ వెళ్లి ఆమెను ఇంటికి తెచ్చుకుంటాడు. చైనానుంచి వచ్చిన ఎనిమిది దృశ్యాల సంప్రదాయంలో సరస్సు మీది శరచ్చంద్రుడు ఒక దృశ్యం. శతాబ్దాలుగా మఠాల్లోనూ ప్రభువుల ఇళ్లలోనూ దాన్ని సిరాతో చిత్రిస్తూనే ఉన్నారు. మరి హిరోషిగే బొమ్మలో కొత్తేముంది, ఉన్న సొత్తునే తీసుకున్నాడు కదా అనవచ్చు. నిజమే, విషయం పాతది. అయితే విషయం వేరు, వెలుగు వేరు. పద్యంలో వెన్నెలను చదివేవాడే కల్పించుకుంటాడు. సిరా చిత్రంలో చంద్రుడి చుట్టూ పల్చటి బూడిదరంగు పూసి, లోపలి గుండ్రాన్ని తెల్లగా వదిలేస్తారు. ఆ చిత్రం ఒక్కటే ప్రతి, దాన్ని చూడగలిగినవాళ్లు కొందరే. ఎడో బజారులో అంగడి ముందు నిలబడి ఒక కూలివాడు, ఒక పచారీ కొట్టువాడి కూతురు చూసిన రాత్రి ఎలా ఉండేదన్నది మన ప్రశ్న.

ఆ రాత్రి చాలాకాలం నల్లగా ఉండేది. 1765లో సుజుకి హరునోబు కాలంలో బహురంగుల అచ్చు వచ్చాక కూడా, రాత్రి అని చెప్పాలంటే బొమ్మ వెనకంతా సిరాతో మట్టసంగా నలుపు దించేవాళ్లు. ఆ నలుపు ముందు ఆడపిల్ల మొహం, దీపం, పూలకొమ్మ తెల్లగా మెరిసేవి. అందమైన బొమ్మలే అవి. కాకపోతే ఆ నలుపుకు లోతు లేదు. అది తెరలా మొహం వెనక నిలబడుతుంది, కొండల దాకా వెళ్లదు. ఇక్కడ నా వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఒకటి చెప్పాలి. 1789లో త్సుతాయా జూజబురో అనే ప్రచురణకర్త కితాగవా ఉతామరో చేత చంద్రుడి మీద ఒక పుస్తకం వేయించాడు, పేరు క్యోగెత్సుబో. అందులో వెన్నెల దృశ్యాలు మెత్తటి బూడిద ఛాయల్లో, కాగితం మీద రంగులేని ఉబ్బెత్తు ముద్రలతో, ఈనాటికీ అబ్బురపరుస్తాయి. నీలం రాకముందే వెన్నెల ఉందనడానికి అంతకంటే మంచి రుజువు లేదు. కానీ అది ఎవరికోసం తయారైంది? హాస్య పద్యాలు అల్లుకునే కవుల సంఘాల్లో చేతిలో డబ్బున్నవాళ్ల కోసం, ఖరీదైన కాగితం మీద. ఆ పనితనం ఎడోలో ఉందని అది రుజువు చేస్తుంది. అదే పనితనం నాలుగు రాళ్లకు దొరికే విడి కాగితం మీదికి రావడానికి మరో 40 ఏళ్లు పట్టింది. మధ్యలో అడ్డుగా ఉన్నవాటిలో మొదటిది నీలం.

అప్పటిదాకా ఎడో అచ్చువాళ్ల దగ్గర ఉన్నవి రెండు నీలాలు. ఒకటి త్సుయుకుసా అనే మొక్క పూలనుంచి పిండేది. అది చూడ్డానికి లేతగా, ముద్దుగా ఉంటుంది. తడి తగిలితే చాలు పోతుంది, ఎండ తగిలినా వెలుస్తుంది. ఆ కాలపు బొమ్మల్లో ఆకాశాలు, నదులు ఇవాళ లేత గోధుమరంగులో కనిపించడానికి కారణం అదే. రెండోది నీలిమందు. అది నిలుస్తుంది గానీ నీళ్లలో తేలిగ్గా కలవదు, అచ్చులో మసకబారి దిగుతుంది. ఒకే పూతలో చిక్కటి నీలంనుంచి ఏమీలేనితనం దాకా జారవిడవడం దానితో కష్టం. ఆకాశం కావాలంటే ఆ జారుడే ప్రాణం. ఆ కొరత తీర్చిన రంగు 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో డీస్‌బాహ్ అనే రంగుల తయారీదారు ఎర్ర రంగు చేయబోతుంటే అనుకోకుండా పుట్టిన ప్రష్యన్ బ్లూ. పిసరంత పొడి చాలు గిన్నెడు నీళ్లను నీలం చేయడానికి. ఎంత పల్చన చేసినా రంగు చావదు, ఎండకూ అంత తొందరగా లొంగదు. విదేశీ వ్యాపారం చాలావరకు నాగసాకి రేవుకు పరిమితమైన కాలం అది. మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను జపాన్ చేర్చి, అక్కడ సరాసా అనే పేరుతో మోజు పుట్టించిన డచ్చివాళ్ల వ్యాపారమే ఈ నీలాన్నీ 18వ శతాబ్దిలో కొద్దికొద్దిగా తెచ్చింది. అప్పుడది ధనికుల చిత్రకారులకే అందేది. 1820ల్లో చైనా ఓడలు దాన్ని పెద్ద మొత్తాల్లో తేవడం మొదలయ్యాక ధర పడిపోయింది. అచ్చు కొట్టాలకు అందింది. జపానువాళ్లు దాన్ని బెరో అన్నారు, బెర్లిన్ మీదుగా వచ్చిన పేరే.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1829లో కెయిసాయ్ ఐసెన్ ఈ నీలం ఒక్కదానితోనే విసనకర్రల మీద దృశ్యాలు వేస్తే బజారు ఎగబడింది. 1831 కొత్త సంవత్సరానికి వచ్చిన ఒక నవల చివర ప్రచురణకర్త నిషిమురాయా యొహాచి ఇచ్చిన ప్రకటనలో చిత్రకారుడు హొకుసాయ్ ఫూజీ పర్వతం బొమ్మలు నీలి అచ్చులో వస్తున్నాయని చాటుకున్నాడు. కొండకంటే ముందు రంగును అమ్మాడన్నమాట. ఇది చిన్న విషయంగా తీసేయకూడదు. కొనేవాడికి ఏది కొత్తో వ్యాపారికి తెలిసినంతగా చరిత్రకారుడికి తెలియదు. రెండు మూడేళ్లకే హిరోషిగే తొకాయ్‌దో బాట బొమ్మలు వచ్చాయి. 1835 ప్రాంతంలో కొండల మధ్యగా ఎడోను క్యోటోతో కలిపే కిసో బాట శ్రేణి మొదలైంది. అందులో మొత్తం 71 కాగితాలు, ఐసెన్‌వి 24, మిగిలిన 47 హిరోషిగేవి. మోచిజుకి, నాగకుబో, సెబా, మియనొకొషి మజిలీల బొమ్మల్లో హిరోషిగే పున్నమిని పెట్టాడు. మియనొకొషి ముందు కాసేపు ఆగాలనిపిస్తుంది. వంతెన మీద ఒక కుటుంబం పోతున్నది. వాళ్లకు గీతలు ఉన్నాయి, రంగులు ఉన్నాయి. వెనక ఉన్న చెట్లకు, గుడిసెలకు అసలు గీతే లేదు. బూడిద ఛాయలు ఒకదాని వెనక ఒకటి పల్చబడుతూ పోతాయంతే. మంచు కమ్మిన వెన్నెల అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. హరునోబు నల్ల తెరకు దొరకని లోతు ఇక్కడ దొరికింది.

ఇక ఆ వెన్నెల ఎవరిదన్న ప్రశ్నకు వద్దాం. చిత్రకారుడు అచ్చుకు ఇచ్చేది పల్చటి కాగితం మీద నల్ల సిరాతో గీసిన గీతల బొమ్మ. దాన్ని కొండ చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి, వెనక పొర ఒలిచి, కనిపించే గీతల పక్కన చెక్కడంవాడు ఉలి ఆడిస్తాడు. ఆ పనిలో మూలచిత్రం చెక్కతోపాటే చెక్కుకుపోతుంది. గీతల దిమ్మతో తీసిన కొన్ని ప్రతుల మీద చిత్రకారుడు ఏ రంగు ఎక్కడికో గుర్తులు పెడతాడు, వాటినిబట్టి రంగుకో దిమ్మ చెక్కుతారు. ఈ మొత్తం వ్యవహారంలో చంద్రుడు ఎక్కడున్నాడో వెతకండి. ఆకాశపు దిమ్మలో ఒక గుండ్రం తీసేస్తే, రంగు తగలని కాగితమే చంద్రుడు. అది చెక్కడంవాడి ఉలి పని, అంచు ఒక్క వెంట్రుకవాసి వంకరపోతే పున్నమి చెడుతుంది. వెన్నెల ఎక్కడుంది మరి? గీతల బొమ్మలో లేదు, గీత వెలుగును చూపలేదు. దిమ్మ మీదా లేదు, ఆకాశానికి కేటాయించిన చోటు ఏ పనీ లేని నున్నటి బోడి చెక్క. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు దిమ్మను రంగులో ముంచి బట్ట మీద కొట్టడం తెలుసు. అక్కడ దిమ్మ మీద ఏముంటే బట్ట మీద అదే దిగుతుంది. ఎడోలో పని తలకిందులు. దిమ్మ నేలమీద మొహం పైకి పెట్టి ఉంటుంది, రంగును దాని మీద కుంచెతో పరుస్తారు, తడి కాగితాన్ని దాని మీదికి దించి వీపు రుద్దుతారు. దిమ్మ మీద రంగు ఎంత, ఎక్కడ, ఏ చిక్కదనంలో అన్నది ప్రతిసారీ మనిషి చేతిలో ఉంది.

ఆ చెయ్యి చేసే పనికి బొకాషి అని పేరు. పైన చిక్కటి నీలం, కిందికి వచ్చేసరికి ఏమీ లేకుండా కరిగిపోయే ఆకాశం కావాలనుకోండి. అచ్చువాడు ముందు తడిగుడ్డతో ఆకాశపు చెక్కను తుడుస్తాడు. పై అంచున నాలుగు చుక్కల ప్రష్యన్ బ్లూ, దానికి కాస్త బియ్యప్పిండి జిగురు. గుర్రపు వెంట్రుకల కుంచెకు ఒక పక్క రంగు, రెండో పక్క నీళ్లు. దాన్ని అడ్డంగా లాగుతాడు. రంగు ఉన్న పక్క చిక్కగా పరుచుకుంటే, నీళ్ల పక్క చెక్కలోని తడిలోకి పల్చబడి మాయమవుతుంది. చెక్క ఎంత తడిసింది, ఇవాళ గాలిలో చెమ్మ ఎంత, రంగు ఎంత నూరారు, అన్నీ చూసుకోవాలి. తర్వాత కాగితం. కొజో చెట్టు నారతో చేసిన హోషో కాగితానికి పటిక, వజ్రం అనే జిగురు కలిపిన పూత ముందే వేసి, తడిపి సిద్ధంగా ఉంచుతారు. దిమ్మ మూల ఒకటి, అంచున ఒకటి చెక్కిన గుర్తులకు కాగితం ఆనించి దించుతాడు. వెదురు పొరల తాడును చుట్టచుట్టి వెదురు ఆకులో బిగించిన బారెన్ అనే బిళ్లతో ఒంటి బరువంతా వేసి రుద్దుతాడు. కాగితం లేపితే ఒక రాత్రి అయింది. రెండో కాగితానికి మళ్లీ మొదటినుంచీ, తడిగుడ్డతో సహా. ఒక విడతకు సుమారు 200 కాగితాలు అనుకుంటే, 200 సార్లు ఆ ఆకాశాన్ని కొత్తగా పుట్టించాలి. ఏ రెండూ ఒకటిగా ఉండవు. ఉండకపోవడమే అది ముద్రే కాదు, చేతిపని కూడానని చెప్పే గుర్తు.

చిత్రకారుడి పక్షాన మాట్లాడేవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు: అచ్చువాడు చెప్పింది చేసినవాడే, ఎక్కడ ఎంత నీలం జారాలో హిరోషిగే చెప్పి ఉంటాడు, మొదటి ప్రతులు దగ్గరుండి చూసి ఉంటాడు. ఆ మాటలో నిజం ఉంది. మొదటి విడతకు చిత్రకారుడి సలహా ఉండడం ఆనవాయితీ. అసలు హిరోషిగే గొప్పతనంలో ఒక పెద్ద భాగం, అచ్చువాడికి చోటు వదలడం తెలిసి ఉండడం. తన బొమ్మలో సగం కాగితాన్ని గీత లేకుండా వదిలే ధైర్యం అంతకుముందు చాలామందికి లేదు. కానీ చెప్పింది చేయడమే అయితే, అవే దిమ్మల మీద రాత్రులు ఎందుకు మారతాయి? తొకాయ్‌దో శ్రేణిలో కంబరా అనే మజిలీ ఉంది, మంచు కురిసే సాయంత్రం, కొండ కింద ఊరు. అది రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదానిలో నలుపు ఆకాశం పై అంచునుంచి కిందికి కరుగుతుంది. రెండోదానిలో కొండల మీదుగా చిక్కగా మొదలై పైకి పల్చబడుతుంది. గీత ఒక్కటీ మారలేదు. మొదటిదానిలో చీకటి మీదపడుతున్నట్టు ఉంటుంది, రెండోదానిలో చీకటి నేలలోంచి లేస్తున్నట్టు. చూసేవాడి మనసులో రెండు వేర్వేరు సాయంత్రాలు కదులుతాయి. ఇంకా దిగువకు పోతే, గిరాకీ ఎక్కువై హడావిడిగా తీసిన తరవాతి విడతల్లో బొకాషిని తగ్గించేసిన ప్రతులు మ్యూజియాల్లో చాలా ఉన్నాయి. వాటిలో హిరోషిగే గీత అంతా ఉంటుంది, రాత్రి ఉండదు. ఒకరిది కాని పని లేకుండాపోతే ఆ ఒకరి బొమ్మ పడిపోతున్నదంటే, ఆ పని కేవలం సేవ కాదని ఒప్పుకోవాలి.

ఇంత పనిని అంత చవకగా ఎలా ఇవ్వగలిగారన్నది కూడా ఈ వాదంలో భాగమే. 1842లో ప్రభుత్వం ఆడంబరాల మీద విరుచుకుపడింది. నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు వద్దంది. దిమ్మలు ఏడెనిమిదికి మించకూడదంది, కాగితం ధర 16 మోన్లు దాటకూడదంది. 16 మోన్లంటే ఆ రోజుల్లో వీధి బండి దగ్గర ఒక గిన్నె సోబా నూడుల్స్ ధర. ఆంక్షలు కొన్నేళ్లలో సడలిపోయాయి గానీ, కొండలు, నదులు, బాటలు ప్రచురణకర్తలకు భద్రమైన సరుకుగా మిగిలాయి. దిమ్మల సంఖ్యకు హద్దు ఉన్న లోకంలో బొకాషి విలువ ఇంకా పెరుగుతుంది. కొత్త దిమ్మ చెక్కనక్కర్లేదు, కొత్త రంగు కొననక్కర్లేదు, ఉన్న నీలాన్నే అచ్చువాడి మణికట్టు పది ఛాయలుగా చూపిస్తుంది. ఖర్చంతా అతని ఒంటిమీద పడుతుంది. సరాషినా బొమ్మ వచ్చేనాటికి ఈ పొదుపు ఒక శైలిగా స్థిరపడింది. దాన్ని మనం ఇవాళ తూర్పుదేశపు నిరాడంబరత అని మెచ్చుకుంటున్నాం. మెచ్చుకోవడంలో తప్పులేదు, దాని వెనక చట్టం, ధర, కూలి ఉన్నాయని మరిచిపోతేనే తప్పు.

మరిచిపోవడానికి బొమ్మే ఆస్కారం ఇచ్చింది కూడా. ఆ కాగితాల మీద హిరోషిగే సంతకం ఉంటుంది, ప్రచురణకర్త ముద్ర ఉంటుంది, తనిఖీ ముద్ర ఉంటుంది, 1853 తర్వాతైతే నెలా సంవత్సరం కూడా ఉంటాయి. చెక్కడంవాడి పేరు అంచున అక్కడక్కడా కనిపిస్తుంది. అచ్చువాడి పేరు చాలా అరుదు. 1858లో హిరోషిగే చనిపోయాక ఐరోపాకు ఈ బొమ్మలు వెల్లువగా చేరినప్పుడు అక్కడి చిత్రకారులు సంతకాన్ని చదివించుకున్నారు. సంతకం లేని చేతిని ఎవరు చదువుతారు? లండన్‌లో విస్లర్ 1870ల్లో థేమ్స్ నది రాత్రులను నీలి పొగలో ముంచి వేసినవాటిలో, ముఖ్యంగా పాత బాటర్సీ వంతెన చిత్రంలో, హిరోషిగే వంతెనలు స్పష్టంగా ఉన్నాయి. ఐరోపా తన బెర్లిన్ నీలాన్నే జపాన్ ఆత్మగా తిరిగి అందుకుంది. ఇందులో ఎవరినీ తక్కువ చేసేది లేదు. రంగు ఏ దేశంలో పుట్టినా, దాన్ని తడి చెక్క మీద ఊపిరి బిగబట్టి ఆకాశం చేసింది ఎడోలోనే. ఆ రంగు యూరప్‌లో అప్పటికే వందేళ్లకు పైగా ఉంది, బొకాషి అక్కడ పుట్టలేదు.

అచ్చువాడి వాటా గురించి నేను అంటున్నది ఈనాటి మనసుతో పాత కాలానికి అంటగట్టిన న్యాయం అని చివరి అభ్యంతరం రావచ్చు. ఎడోలో ఎవరికీ ఆ ఆలోచనే లేదు కదా, చిత్రకారుడు చిత్రకారుడే, పనివాడు పనివాడే. దీనికి జవాబు ఆ వృత్తి లోపలినుంచే దొరుకుతుంది. మెయిజీ కాలంలో కొబయాషి కియొచికా 1876నుంచి వెలుగుల బొమ్మలు వేశాడు, యొషితోషి 1885నుంచి 1892 దాకా చంద్రుడి మీద నూరు బొమ్మలు తెచ్చాడు. వాటిలో ఒబాసుతే కొండకు అత్తను మోసుకుపోయే మనిషి కూడా ఉన్నాడు. ఆ తర్వాత లితోగ్రఫీ, ఫోటోలు వచ్చి ఈ పని చావుకు దగ్గరైంది. 20వ శతాబ్దిలో దాన్ని మళ్లీ నిలబెట్టినవాళ్లలో యొషిదా హిరోషి ఒకడు. 1876లో పుట్టాడు, తైలవర్ణాల చిత్రకారుడు, కొండలెక్కే మనిషి. ప్రచురణకర్త చేతికి గీతలు ఇచ్చి ఊరుకోవడం అతనికి నచ్చలేదు. 1925నుంచి సొంత కొట్టం పెట్టుకుని, చెక్కడంవాళ్లను, అచ్చువాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, తానూ రంగులో చెయ్యి పెట్టాడు. 1926లో అతను చేసిన పని ఒకటి ఈ వాదానికి ప్రయోగశాల పరీక్ష లాంటిది. లోతట్టు సముద్రం మీద తెరచాప పడవలు, ఒకే దిమ్మల సెట్టు. రంగులు, బొకాషి మార్చి ఆ దిమ్మల మీదే ఉదయం, ముందుపొద్దు, మధ్యాహ్నం తర్వాత, మంచు, సాయంత్రం, రాత్రి అని ఆరు కాగితాలు తీశాడు. పడవ కదల్లేదు, తాడు కదల్లేదు, పొద్దు మాత్రం తిరిగింది. 1930-31లో కొడుకుతో కలిసి మన దేశం వచ్చి కాంచనజంగను, తాజ్‌మహల్‌ను, మదురను చూసి వెళ్లాక, తాజ్‌ను పగలూ వెన్నెల్లోనూ వేర్వేరు కాగితాలుగా, అఫ్గాన్ వర్తకుల ఒంటెల బిడారును ఒకసారి మామూలుగా, ఒకసారి వెన్నెల్లో అచ్చు తీశాడు. 1937లో నిక్కోలోని యొమెయ్‌మోన్ ద్వారం బొమ్మకు ఒక్కో కాగితం మీద 96 సార్లు అచ్చు వేశాడు.

ఇలాంటి మనిషి తన మంచి ప్రతుల అంచున, సంతకానికి తోడు, ఒక ముద్ర వేయడం మొదలుపెట్టాడు. ఆ ముద్రలో రెండే అక్షరాలు: జిజురి, అంటే సొంతంగా అచ్చు తీసినది. ప్రతి కాగితాన్నీ అతనే రుద్దాడని దానర్థం కాదు, తన కళ్ల ముందు, తన పట్టులో జరిగిందని. చిత్రకారుడినన్న సంతకం ఒక్కటే చాలదని, అచ్చుకు కూడా తాను బాధ్యుణ్ణని చాటుకోవలసిన అవసరం అతనికి ఎందుకు కలిగింది? 1939లో చెక్క అచ్చు మీద అతను ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసి పనిముట్లు, కాగితం, తడి, బారెన్ పట్టు అన్నీ విడమరిచాడు. బొమ్మ తనదని పూర్తిగా చెప్పుకోవాలంటే అచ్చు కూడా తనదని చెప్పుకోవాలని అతనికి తెలుసు. హిరోషిగే కాలపు కాగితాల మీద ఆ ముద్ర ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఉండవలసిన పేర్లు యొషిదా లాంటి ఏకైక యజమానివి కావు, ఒక్కో దిమ్మ దగ్గర ఒక్కో విడతకు మారిన మనుషులవి. ఇవాళ పాత ప్రతులు కొనేవాళ్లు, మ్యూజియంవాళ్లు మొదటి విడతకూ తరవాతి విడతకూ విలువలో ఎన్నో రెట్ల తేడా చూస్తారు. రెండింటిలోనూ హిరోషిగే ఒక్కడే, దిమ్మలూ చాలావరకు అవే. తేడా సొమ్ము చాలామటుకు ఆ పేరులేని చేతుల పనికే కడుతున్నారు.